అతని గీత వంగలేదు

రిటైరయ్యాక నన్ను చూడటానికి వచ్చే కుర్ర సబ్ ఎడిటర్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మరిచిపోలేని రోజు ఏదని. వాళ్లు ఎదురుచూసేది ఓ ఎన్నికల ఫలితం, ఓ వరద, లేదా పేజీలన్నీ అచ్చుకు వెళ్లాక వచ్చిపడిన పెద్ద చావు వార్త. అవన్నీ నేనూ చూశాను. కానీ ఇప్పటికీ నాకు కడుపులో మంట రేపే రోజు వాటిలో లేదు. ఒక కంప్యూటర్ ప్రాసెసర్‌కు అందే వోల్టేజి, అదీ గోడ గడియారంలో వేసుకునే బ్యాటరీ ఇచ్చేంత కూడా లేనిది, ఎక్కడ తగ్గింది, ఎక్కడ పెరిగింది అన్నదాని మీద గడిచిన రోజు అది. ఈ మాట చెప్పగానే పిల్లల మొహాలు వాడిపోతాయి. మర్యాదకు కాఫీ పూర్తిచేసి లేస్తారు. అందుకే రాస్తున్నాను. చదివేవాళ్లు మధ్యలో లేచి వెళ్లినా నాకు తెలియదు.

మాది ఒక తెలుగు దినపత్రిక బెంగళూరు ఎడిషన్. పాఠకులు నగరంలో కొందరు, చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కువమంది. హోసూరు, కోలారు, ఆనేకల్, బాగేపల్లి, అటు హిందూపురం దాకా. వారానికోసారి వచ్చే కంప్యూటర్ పేజీ నాకు అర్హత వల్ల రాలేదు. అప్పట్లో ఆ పేజీ ఎవరికీ అక్కర్లేదు. జిల్లా డెస్కులో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి ‘ఆమెకిచ్చెయ్యండి’ అన్నారు. నేను చదివింది చరిత్ర. కంప్యూటర్ లోపల ఏముంటుందో, ఆ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డు దుకాణాల్లో బల్లకు ఇవతల నిలబడి, విసుక్కునేవాళ్ల చేత మాటలు పడుతూ నేర్చుకున్నాను.

ఫొటోలు కడగడం మానేశాక మా ఆఫీసులో చీకటి గది ఖాళీగా పడి ఉండేది. దాన్ని అడిగి తీసుకున్నాను. ఫిల్ములు కడిగే తొట్టి మీద పలక పరిచి బల్ల చేశాను. దాని మీద డబ్బా లేకుండా విప్పి పరిచిన మదర్‌బోర్డు, బోర్డు మధ్యలో ప్రాసెసర్, దాని నెత్తిన ఫ్యాను, పక్కన పవర్ సప్లై. వేడికి ఆ గదిలో ఎవరూ నిలబడలేకపోయేవారు. అందరూ దాన్ని ‘ఆవిడ వంటిల్లు’ అనేవారు. ఎగతాళికే అన్నా, నాకు ఆ పేరు నచ్చింది. ఎవరి వంటింట్లో వాళ్లే రాణి కదా అనుకున్నాను.

మా పేజీకి ప్రాణం కింద ఓ మూల వచ్చే చిన్న పెట్టె. ‘ఇలా పెట్టుకోండి’ అని దాని పేరు. ఫలానా బోర్డు మీద ఫలానా ప్రాసెసర్ ఉంటే, కంప్యూటర్ మొదట్లో తెరిచే బయోస్ సెట్టింగుల్లో ఏ అంకె ఎక్కడ వేయాలో అందులో ఇచ్చేదాన్ని. ఆ పెట్టె కోసం పత్రిక కొనేవాళ్లలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలవాళ్లు చాలామంది. ముహూర్తాల కాలంలో వాళ్లకు ఊపిరి సలపదు. వీడియో ఎంత త్వరగా తయారైతే అంత త్వరగా తర్వాతి పెళ్లి పని మొదలుపెట్టొచ్చు. కొత్త కంప్యూటర్ కొనలేనివాళ్లు ఉన్న ప్రాసెసర్‌నే కంపెనీ చెప్పిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పరుగెత్తిస్తారు. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. నేను పెట్టెలో ఏ అంకె రాస్తే వాళ్లు ఆ అంకే కొట్టేవాళ్లు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆ ముక్క కత్తిరించి కంప్యూటర్ డబ్బా లోపలివైపు అంటించుకున్నవాళ్లను నేను స్వయంగా చూశాను. దేవుడి పటం ఇవతల, నా పెట్టె అవతల. అది చూసినప్పుడు గర్వమూ వేసింది, భయమూ వేసింది.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. వేగం పెంచాలంటే ప్రాసెసర్‌కు వోల్టేజి కొంచెం ఎక్కువ ఇవ్వాలి. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నంతసేపూ మీరిచ్చిన వోల్టేజి అలాగే ఉంటుంది. భారీ పని పడగానే కిందికి జారుతుంది. ఒకటీ పాయింట్ మూడు పెడితే, పని మధ్యలో చూస్తే ఒకటీ పాయింట్ రెండు చిల్లర. దీన్ని డ్రూప్ అంటారు. సరిగ్గా బలం కావలసిన సమయంలో బలం తగ్గుతుంది, తెర నీలంగా మారుతుంది, సగం తయారైన పెళ్లి గాలిలో కలిసిపోతుంది. దీనికి నా విరుగుడు మోటుది. జారబోయేది కూడా లెక్కేసుకుని ముందే కాస్త ఎక్కువ పెట్టడం. పని నడిచేది. దాంతోపాటు వేడీ పెరిగేది. ఆ వేడికి భయపడి నేను వేగాన్ని ఒక హద్దు దాటనిచ్చేదాన్ని కాదు.

అలా ఏళ్లు గడిచాయి. అప్పుడు అతను వచ్చాడు.

మా పత్రిక వీడియో చానెల్ మొదలుపెట్టినప్పుడు తీసుకున్నారు అతన్ని. ముప్పై నిండలేదు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. తల్లి ఇక్కడ ఆసుపత్రిలో నర్సు కావడంతో బెంగళూరులోనే పెరిగాడు. ఎలక్ట్రానిక్స్ చదివి, కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసి, మనసు లేక ఇటు వచ్చాడు. ఆదివారాలు చర్చిలో పాడతాడని విన్నాను. వినకపోయినా తెలిసేది. అతను మైకు ముందు ‘నమస్తే’ అంటే చాలు, ఆ తర్వాత ఏం చెబుతాడో వినాలనిపించేది. మొదటిరోజు నన్ను మేడమ్ అన్నాడు. రెండోరోజుకు అక్కా అన్నాడు. ఇంత వయసు తేడాకు ఆంటీ అనలేదు కదా అని మొదట్లో మెచ్చుకున్నాను కూడా.

ఆ మెచ్చుకోలు ఎంతోకాలం నిలవలేదు. నా గదికి ఏసీ కావాలని నేను ఏళ్ల తరబడి అడిగాను. అతను ఒక్కసారి చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి, ఆ వారంలోనే ఏసీ బిగించారు. పరీక్షకు ఒక బోర్డు అరువిమ్మని నేను దుకాణాల చుట్టూ తిరిగేదాన్ని. అతనికి వాళ్లే పెట్టెలు పంపేవారు. క్యాంటీన్ ఆవిడ అతని ప్లేటులో బజ్జీ ఒకటి ఎక్కువ వేసేది. నాకు ఆ నూనె బజ్జీలు ఇష్టం ఉండవు. అయినా చూశాను. పని చేసుకుంటూ ఏదో కూనిరాగం తీసేవాడు, తప్పు చేస్తే తనే ముందు నవ్వేవాడు, నవ్వు ఆగాక మళ్లీ మొదటి నుంచీ చేసేవాడు. నేను తప్పు చేస్తే ఆ రోజంతా అన్నం సహించదు. ఒకే పని ఇద్దరికీ ఇచ్చి, బరువు మాత్రం ఒక్కరికే ఎందుకిచ్చాడు దేవుడు అని అడగాలనిపించేది. ఏ దేవుడిని అడగాలో తెలిసేది కాదు.

అతను చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది. చెడ్డవాణ్ని ద్వేషిస్తే న్యాయం అంటారు. మంచివాణ్ని చూసి కుళ్లుకుంటే దానికి ఏ గౌరవమూ లేదు.

దసరాకు ముందు మా ఎడిషన్ ఇన్‌చార్జి నన్ను పిలిచాడు. ఆయన హిందూపురం మనిషి, తన చేతికింద నా సర్వీసంతా చూసినవాడు. మాట తిప్పడం చేతకాదు.

“చూడమ్మా, హైదరాబాదు వాళ్లు పేజీ, చానెల్ రెండూ ఒకరికే ఇచ్చెయ్యమంటా ఉండారు. ఇద్దర్ని మోసే పేజీ కాదంట అది. దసరా స్పెషల్‌కి ఇద్దరూ ఒకే బోర్డు మీద పని చెయ్యండి. ఎవరి సెట్టింగులు పెట్టెలో పోతే వాళ్లదే పేజీ.”

“పోయినవాళ్లు?” అన్నాను.

“నువ్వయితే జిల్లా డెస్కుకు. వాడయితే చానెల్లో సినిమా వార్తలు చదువుకుంటాడు.”

ఇద్దరికీ సమానంగానే పెట్టాడు పోటీ. కానీ జిల్లా డెస్కంటే ఏమిటో నాకు తెలుసు. జాతీయ రహదారిపై లారీ ఢీకొని అన్న వాక్యాన్ని రోజుకు పదిసార్లు దిద్దడం. యాభై దాటాక అక్కడికి తిరిగి వెళ్లడమంటే అద్దెకిచ్చిన ఇంట్లో చివరి గదిలోకి సర్దుకోవడమే. నా పేజీ నాకు కావాలి. ఆ పెట్టె నాకు కావాలి.

బల్లను పంచుకున్నాం. పొద్దున నేను, మధ్యాహ్నం అతను. అదే బోర్డు, అదే ప్రాసెసర్. నేను వేగాన్ని నాలుగు పాయింట్ తొమ్మిది గిగాహెర్ట్జ్ దాకా లాగగలిగాను. ఆపైన పోతే నీలి తెర. వోల్టేజి పెంచితే వేడి. రెండింటి మధ్య ఇరుక్కున్నాను. రెండోరోజు మధ్యాహ్నం క్యాంటీన్లో ఉంటే అతనే వచ్చి పిలిచాడు.

“అక్కా, ఒక్కసారి వంటింట్లోకి రండి. ఫ్లాట్ అండి, చూడండి.”

తెర మీద వోల్టేజి గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఐదు పాయింట్ ఒకటి వేగం. ప్రాసెసర్ మీద మోయగలిగినంత పని బరువు. గీత ఎక్కడా వంగలేదు. నా పొద్దుటి గీత మాత్రం కుక్కి మంచంలా మధ్యలో దిగిపోయి ఉంది. గంటసేపటి నుంచీ ఇలాగే ఉందని, టీకి వెళ్లొచ్చినా కదల్లేదని అతను సంబరంగా చెప్పాడు. ఏం చేశావని అడిగాను. లోడ్‌లైన్ అని బయోస్‌లో ఒక సెట్టింగు ఉంటుంది, వోల్టేజి జారకుండా బోర్డు ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పేది. దానికి కింది నుంచి పైకి మెట్లు ఉంటాయి. నేను కింది మెట్ల దగ్గరే తచ్చాడేదాన్ని. పై మెట్టు పక్కన ఎర్ర అక్షరాల్లో జాగ్రత్త అని ఉంటుంది, ఎందుకో ఉండదు. అతను నేరుగా పై మెట్టు ఎక్కించేశాడు. దాచలేదు, అడిగితే చూపించాడు. నేనైతే చూపించేదాన్ని కాను.

ఇప్పుడు నా వృత్తిలోని జబ్బు బయటపడింది. మరీ శుభ్రంగా ఉన్న కాగితాన్ని విలేకరులు నమ్మరు. కొట్టివేత లేని పంచనామా, మరక లేని రసీదు చూస్తే ఎవరో కూర్చుని తయారు చేశారనుకుంటాం. ఆ తెర మీది అంకె బోర్డు చెప్పిందే. అంటే బోర్డు తన గురించి తానే ఇచ్చుకున్న వాంగ్మూలం. అలా ఆలోచించి నేరుగా ఇన్‌చార్జి గదికి వెళ్లి, ఆ గీత అబద్ధం సార్ అని చెప్పాను. బోర్డు జారుడును దాచిపెట్టి తప్పు అంకె చూపిస్తోందని, విడిగా కొలిచి నిరూపిస్తానని అన్నాను.

మర్నాడు వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పట్టుకొచ్చాను. ప్రాసెసర్ వెనకవైపు రెండు సన్నటి వైర్లు అతికించాలి. నేను అతికించింది రెండుసార్లు ఊడొచ్చింది. అతను నా చేతిలోంచి సోల్డరింగ్ కడ్డీ తీసుకుని, తన మీద నేను పెట్టబోతున్న పరీక్షకు తనే చక్కగా వైర్లు అతికించి ఇచ్చాడు. ఇన్‌చార్జి వచ్చి నిలబడ్డాడు. చానెల్ పిల్లలూ గుమిగూడారు. బరువు పెట్టాం. మీటరు మీద ఒకటీ పాయింట్ మూడు. అలాగే ఉంది. అలాగే ఉంది. తెర నిజమే చెప్పింది.

“మీటరు కూడా వాని పక్కే ఉండాదే అమ్మా,” అన్నాడు ఇన్‌చార్జి. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. వైర్లు ఊడదీస్తూ, మీరు అడిగింది మంచి డౌటే అక్కా అన్నాడు. నవ్వి ఉంటే బాగుండేది.

రెండు రోజులు వంటింటి వైపు వెళ్లలేదు. నాలుగు పాయింట్ తొమ్మిదితో వంగిన గీత పట్టుకుని ఎవరికి చూపించాలి? మూడోరోజు హోసూరు నుంచి ఒక స్టూడియో ఆయన ఫోను చేశాడు. పాత పాఠకుడే. దసరా పెట్టె ఎప్పుడొస్తుందని అడిగాడు. కొత్త సెట్టింగులు గంటసేపు ఆగకుండా నడిచాయని, అన్నీ నిలకడగా ఉన్నాయని నీరసంగా చెప్పాను. ఆయన తన గోల తాను చెప్పుకుపోయాడు. వాళ్లు గంటసేపు ఒకే పని ఎప్పుడూ పెట్టరట. స్నాతకం ఒక ముక్క, ముహూర్తం ఒక ముక్క, తలంబ్రాలు ఒక ముక్క. ఒకటయ్యాక చూసుకుని, పెళ్లివారికి పంపి, ఇంకోటి. రోజంతా ప్రాసెసర్ మీద బరువు పడటం, దిగడం, పడటం, దిగడం.

ఫోను పెట్టేశాక కుర్చీలోంచి లేవలేదు. అతని పరీక్షలో బరువు ఒక్కసారే పడింది. దిగింది మాత్రం ఎవరూ చూడలేదు. పరీక్ష ముగిసిందంటే అందరం తెర మీంచి కళ్లు తిప్పేస్తాం. ఆ దిగే క్షణంలో ఏం జరుగుతోంది? మల్టీమీటర్‌కు అది అందదు. అది నిదానమైన యంత్రం, కాసేపట్లో జరిగినవన్నీ కలిపి సగటు చెబుతుంది. కనురెప్ప వేసేలోగా పోయేదాన్ని చూడాలంటే ఆసిలోస్కోప్ కావాలి.

అది ఎక్కడుందో నాకు తెలుసు. బొమ్మసంద్రలో పవర్ సప్లైలు తయారుచేసే ఒక ప్లాంటులో టెస్టింగ్ మేనేజరు నాకు పాత పరిచయం. ఎప్పుడో అక్కడ సమ్మె జరిగినప్పుడు యాజమాన్యం తరఫున నాతో మాట్లాడినవాడు. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం. తన ల్యాబులో ఉన్నటువంటి స్కోప్ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదని కనిపించినవాళ్లందరికీ చెప్పే అలవాటు. ఇన్‌చార్జికి చెప్పి, బోర్డంతా అట్టపెట్టెలో సర్దుకుని, ఒడిలో పెట్టుకుని హోసూరు రోడ్డు బస్సెక్కాను.

ఆయన ముందు తన స్కోప్ గొప్పలు చెప్పాడు. తర్వాత నా బోర్డును తక్కువ చేశాడు. తర్వాత వైర్లు తగిలించాడు. పై మెట్టు సెట్టింగే ఉంచి, బరువు పెట్టడం, తీయడం, పెట్టడం, తీయడం మొదలుపెట్టాం. స్కోప్ తెర మీద గీత తిన్నగానే పోతోంది. ఆయన ఏదో మీట తిప్పి గీతను సాగదీశాడు.

“ఇప్పుడు చూడమ్మా. పని పెట్టినప్పుడు కాదు, తీసినప్పుడు చూడు. కొమ్ము మాదిరి ఎట్ల లేస్తా ఉండాది.”

నిజమే. బరువు దిగిన ప్రతిసారీ గీత మీద ఓ సన్నటి కొమ్ము నిటారుగా లేచి మాయమవుతోంది. ఒకటీ పాయింట్ మూడు పెడితే అది ఒకటిన్నర దాకా పొడుచుకుపోతోంది. తెరకు కనపడదు, మీటరుకు కనపడదు, ప్రాసెసర్‌కు మాత్రం తగులుతుంది.

“ఒక దెబ్బకు సావదు. దినామూ తగిలితే ఓ దినం పోతాది,” అన్నాడు. “డ్రూప్ అనేది సుమ్నే, ఊరికే పెట్టినారనుకున్నావా? కిందికి పోయేదానికి జాగా ఇడిస్తేనే, పైకి లేసినప్పుడు మితి దాటకుండా ఉంటాది. మీ వాడు ఆ జాగా మూసేసినాడు, అంతే.”

లోడ్‌లైన్‌ను మధ్య మెట్టుకు దింపి మళ్లీ చూశాం. గీత కాస్త వంగింది. కొమ్ములు పొట్టివై హద్దులోకి వచ్చాయి. నేను అన్నీ ఫోనులో వీడియో తీసుకున్నాను. తిరుగు బస్సులో అట్టపెట్టె ఒడిలో ఉంటే బిడ్డను తీసుకెళ్తున్నట్టు ఉంది. అతని గీత తప్పు. అంత అందమైన గీత తప్పు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు కదలకపోయినా నాకు కోపం రాలేదంటే, నగరం తెలిసినవాళ్లకు నా సంతోషం ఏపాటిదో అర్థమవుతుంది.

అతనికి ఫోను చేసి చెప్పొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చేతిలో వార్త ఉన్న విలేకరి సమావేశం దాకా నోరు విప్పదు. దాన్ని మేం వృత్తి అంటాం. నా మౌనంలో వృత్తి ఎంత, కడుపుమంట ఎంత అని విడదీసి చూపమంటే చూపలేను. చూపాలన్న కోరికా లేదు.

గురువారం పొద్దున ఇన్‌చార్జి గదిలో కూర్చున్నాం. ముందు అతను చెప్పాడు. ఐదు పాయింట్ ఒకటి, తిన్నటి గీత, గంట పరీక్ష. బాగా చెప్పాడు. చానెల్ పిల్లలు తలలూపారు. ఇన్‌చార్జి నావైపు తిరిగి, నీ దగ్గరేమన్నా ఉండాదా అమ్మా అన్నాడు, ఏమీ ఉండదన్నట్టుగా. నేను ఫోను బల్ల మీద పెట్టి వీడియో నడిపించాను. ఏది ఎక్కడ చూడాలో చెప్పాను. హోసూరు ఆయన ముక్కముక్కల పెళ్లి గురించి చెప్పాను. ఇది పెట్టెలో వేస్తే రేపు పండక్కి ఎంతమంది కొడతారో మీకు తెలుసు సార్ అన్నాను.

అతని మొహం చిన్నబోవడం నేను చూడటం అదే మొదటిసారి. దానికోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశాననిపించింది. ఆ సుఖం ఎంతసేపు నిలిచిందో చెప్పడానికి కూడా సిగ్గేస్తుంది, అంత తక్కువసేపు.

“ఇంకోసారి వేయండక్కా,” అన్నాడు. వేశాను. ఫోను మీదికి వంగి చూశాడు. “తీసేసినప్పుడు,” అన్నాడు తనలో తనే. “నేను ఆ చోటు ఒక్కసారి కూడా చూడలేదు. టెస్ట్ అయిపోతే లేచి వెళ్లిపోయేవాణ్ని.” తర్వాత ఇన్‌చార్జి వైపు తిరిగాడు. “సార్, నా సెట్టింగ్స్ వద్దు సార్. ఇవి ప్రింటైతే స్టూడియోవాళ్ల ప్రాసెసర్లు పోతాయి. అక్క చెప్పింది కరెక్ట్.”

అంతే. సాకు లేదు, సంకోచం లేదు. పరాయి చొక్కా విప్పి ఇచ్చేసినట్టు తన ఓటమిని బల్ల మీద పెట్టేశాడు. అదే మాట నేను అనాల్సి వస్తే ఎన్నాళ్లు పట్టేదో. గదిలో ఉన్నవాళ్లందరి కళ్లలో అతని మీద గౌరవం పెరగడం నాకు కనిపిస్తూనే ఉంది. గెలిచింది నేను. చూస్తున్నది అతన్ని.

ఇన్‌చార్జి మమ్మల్నిద్దర్నీ వంటింట్లోకి పంపాడు. మధ్యాహ్నానికల్లా మధ్య మెట్టు మీద, ఐదు గిగాహెర్ట్జ్ దగ్గర, ముక్కముక్కల పరీక్షకు కూడా నిలబడే సెట్టింగు తేల్చాం. అందులో వేగం అతనిది, జాగ్రత్త నాది. పెట్టె ఇద్దరిదీ అయిపోయింది. మరి పేజీ ఎవరిది?

“పెట్టె సరే,” అన్నాడు ఇన్‌చార్జి. “పై మెట్టు ఎందుకు ఎక్కగూడదో చదివేవానికి తెలియాల. లేకపోతే ఎవడో ఒకడు ఎక్కిస్తాడు. దానికి నాలుగు మాటలు కావాల. ఇద్దరూ రాసియ్యండి. ఏది బాగుంటే వాళ్లదే.”

లోపల్లోపల నవ్వుకున్నాను. యంత్రాలు నాకు అరువు విద్య. రాయడం నా సొంత ఇల్లు. ముప్పై ఏళ్లు చేసిందదే. పైగా ఆ కొమ్మును కళ్లారా చూసింది నేను. నా కుర్చీలో కూర్చుని రాశాను. ప్రాసెసర్‌పై భారం పడినప్పుడు వోల్టేజి కొంత తగ్గడం లోపం కాదని, భారం తొలగిన క్షణంలో కలిగే పెరుగుదలను హద్దులో ఉంచేందుకే తయారీదారులు ఆ ఏర్పాటు చేశారని, దాన్ని పూర్తిగా తొలగిస్తే ఆ పెరుగుదల సురక్షిత పరిమితిని దాటి ప్రాసెసర్ ఆయుష్షు తగ్గుతుందని. ఒక్క మాట తప్పు లేదు. ఇప్పుడు చదివినా తప్పు లేదు.

అతను కిటికీ దగ్గర నిలబడి ఫోనులో కొట్టాడు.

ఇన్‌చార్జి ముందు నాది పైకి చదివి, సరిగ్గా ఉండాదమ్మా అన్నాడు. తర్వాత అతనిది చదవడం మొదలుపెట్టి ఆపాడు. మొదటి నుంచీ మళ్లీ చదివాడు, ఈసారి నిదానంగా.

‘నెత్తిన బరువున్న మనిషి కాస్త వంగుతాడు. వంగనని బిగదన్ని నిలబడితే, బరువు దించిన క్షణాన ఆ బిగువుకే పైకి లేచి దూలానికి తల కొట్టుకుంటాడు. మీ బోర్డును కాస్త వంగనివ్వండి.’

నాకు బస్సు గుర్తొచ్చింది, అట్టపెట్టె గుర్తొచ్చింది, మేనేజరు గొప్పలన్నీ ఓపిగ్గా విన్నది గుర్తొచ్చింది. అతను బొమ్మసంద్ర వెళ్లలేదు. కొమ్మును నా ఫోనులో రెండుసార్లు చూశాడు, అంతే. నేను మోసుకొచ్చిన నిజాన్ని నా ముందే తీసుకుని, నాకు కనిపించని చోట దానికి తలుపు తెరిచాడు.

ఇన్‌చార్జి నా కాగితం పక్కన అతని ఫోను పెట్టాడు. “నువ్వు చెప్పింది నిజం అమ్మా,” అన్నాడు చివరికి. “వాడు చెప్పింది అర్థమయితా ఉండాది.”

పేజీ అతనికి వెళ్లింది. అడుగున చిన్న అక్షరాల్లో ‘కొలతలు’ అని నా పేరు వేశారు. సాయంత్రం అతను నా దగ్గరికి వచ్చి, నా పేరు పైన వేయమని ఇన్‌చార్జిని అడిగానని, ఇంకోసారి అడుగుతానని అన్నాడు. వద్దన్నాను. పేజీతోపాటు ఆ పెద్దమనసు కూడా అతని ఖాతాలో వేయడం నా వల్ల కాలేదు.

రిటైరయ్యేదాకా జిల్లా డెస్కులోనే ఉన్నాను. లారీలు ఢీకొంటూనే ఉన్నాయి. నాలాంటివాళ్లు ఇలాంటి వ్యాసాల చివర, అసూయ నుంచి తామేం నేర్చుకున్నదీ చెప్పాలని మీరు ఎదురుచూస్తారు. నేనేమీ నేర్చుకోలేదు. అతను ఇప్పుడు పెద్ద పేరున్న మనిషి. అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు, అక్కా అంటాడు, అదే గొంతు. పెట్టేశాక కాసేపు నాకు ఏ పనీ తోచదు. పోయిన ఏడాది హోసూరులో ఒక పెళ్లికి వెళితే, ఆ పాత స్టూడియో ఆయన కనిపించి నా బాగోగులు అడిగాడు. తన మిషను ఇప్పటికీ బాగా నడుస్తోందని చెప్పి, అప్పట్లో మీ ఆఫీసులో ఒకాయన భలే రాశాడు మేడమ్ అంటూ ఆ మూడు వాక్యాలూ తప్పు పోకుండా నాకే అప్పగించాడు. ఎవరు రాశారో గుర్తులేదన్నాడు. నేనూ చెప్పలేదు.

కుర్రవాళ్లకు చెప్పగలిగింది ఇంతే. మీ పక్క కుర్చీలో మీకన్నా తేలిగ్గా పనిచేసేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. వాడి తప్పు పట్టుకోగలిగితే పట్టుకోండి, ఆ తప్పు వల్ల ఎవరి ప్రాసెసరూ కాలకుండా చూడండి. దాంతో మీ మంట చల్లారుతుందని మాత్రం అనుకోకండి.

ఇది మొదలుపెట్టే ముందు ఈ పొద్దున, ఆ మూడు వాక్యాల కన్నా మంచివి రాయగలనేమో చూద్దామని ఒక కాగితం తీసుకున్నాను. రెండు ప్రయత్నాలు కొట్టేశాను. మూడోది కుదిరింది. కాఫీ పెట్టుకుని వచ్చి తృప్తిగా మళ్లీ చదువుకున్నాను. అది అతనిదే. మాటలు అటూ ఇటూ మార్చాను, అంతే.